పయనీర్ హాల్లో ఒక పూట

బెల్‌గ్రేడ్‌లో సిటీ బస్సెక్కి టికెట్ కోసం చిల్లర తీస్తుంటే పక్కాయన నవ్వాడు. 2025 జనవరి నుంచి అందరికీ ఉచితమట. మన దగ్గర ఆడవాళ్ళకే, ఇక్కడ మగాళ్ళకి కూడా! నేను వెళ్ళాల్సింది పయనీర్ హాలుకి. 2016లో దానికి అలెక్సాందర్ నికోలిచ్ పేరు పెట్టారు గానీ, దారి చెప్పినవాళ్ళంతా పాత పేరే అన్నారు.

నికోలిచ్ యుగోస్లావ్ బాస్కెట్‌బాల్‌కి పెద్దదిక్కు. ఇటలీ వెళ్ళి వరేసె జట్టుని 1970, 72, 73లో యూరప్ విజేతగా నిలిపాడు. ఆయన అండతోనే జెల్కో ఒబ్రాదొవిచ్ కోచ్‌గా నిలదొక్కుకున్నాడు. చాచక్ ఊరివాడు. 1991లో ఆట మానీ మానగానే, ముప్పై ఒకటో ఏట, బెల్‌గ్రేడ్‌లోని పార్తిజాన్ క్లబ్బు పగ్గాలు పట్టాడు.

అప్పటికే దేశం ముక్కలవుతోంది. యుగోస్లావ్ జట్లు యూరప్ పోటీలు సొంతగడ్డ మీద ఆడకూడదన్నారు. పార్తిజాన్ పోయి పోయి మాడ్రిడ్ పక్కనున్న ఫుయెన్లాబ్రదాలో మకాం పెట్టింది. అక్కడి జనమే వీళ్ళ కోసం గొంతు చించుకున్నారు. క్వార్టర్ ఫైనల్లో బొలోన్యా జట్టుతో ఒక్క మ్యాచ్ మాత్రం ఈ హాల్లో ఆడనిచ్చారు. "ఆరోజు అదిగో, ఆ మెట్ల మీద నిలబడే చూశా. కూర్చునే చోటెక్కడిది?" అన్నాడు తలుపు తీసిన పెద్దాయన.

1992 ఏప్రిల్, ఇస్తాంబుల్‌లో యూరప్ కప్పు ఫైనల్. ఆఖరి క్షణాల్లో పార్తిజాన్ ఆటగాడు జోర్జెవిచ్ త్రీ పాయింటర్ వేశాడు. 71-70. ఓడింది స్పెయిన్‌లోని బదలోనా ఊరి జట్టు జువెంతుత్. తర్వాతి ఏడు దేశం మీద పడ్డ ఆంక్షల వల్ల పార్తిజాన్‌ని పోటీకే రానివ్వలేదు. 1993లో ఒబ్రాదొవిచ్ స్పెయిన్ చేరాడు, తను ఏడిపించిన ఆ జువెంతుత్‌కే కోచ్‌గా! 1994లో వాళ్ళకీ ఆ కప్పు తెచ్చిపెట్టాడు. నాకు ఆయన కథలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. నిన్న తమని ఓడించినవాణ్ణి పిలిచి జట్టు అప్పగించడానికి బదలోనా వాళ్ళకీ గుండె ఉండాలి.

తర్వాత రియల్ మాడ్రిడ్‌తో 1995లో ఒకటి, ఏథెన్స్‌లో పనథినైకోస్‌తో ఐదు, ఇస్తాంబుల్ జట్టు ఫెనర్బాచెతో 2017లో ఒకటి. మొత్తం 9 యూరప్ కప్పులు.

మన క్రికెట్‌లో విదేశీ కోచ్ అంటే జాన్ రైట్, గ్యారీ కిర్‌స్టన్‌లా బయటినుంచి వచ్చేవాడు. సెర్బియా మాత్రం తన కోచ్‌లని బయటికి పంపిస్తుంది. పరాయి ఊళ్ళో పని చేయించుకోవడం ఒబ్రాదొవిచ్‌కి ఫుయెన్లాబ్రదాలోనే పట్టుబడిందని నా అనుమానం.

2021లో ఆయన మళ్ళీ పార్తిజాన్‌కి వచ్చాడు. మరుసటి ఏడు జట్టు యూరప్ అగ్ర పోటీ యూరోలీగ్‌లో చేరాక ఆ మ్యాచ్‌లు సావా నది అవతల, ఇంకా పెద్దదైన స్టార్క్ అరేనాకి మారాయి. "జనం ఇక్కడ పట్టరు మరి," అంటూ పెద్దాయన లైట్లు తీసేశాడు.