కృష్ణ ఒడ్డున పాత పడవ

పాలమూరు పేరు చెప్పగానే మనకు కరువూ, వలస కూలీలూ, గుండ్రాళ్ల గుట్టలూ గుర్తుకు వస్తాయిగాని, పడవలు గుర్తుకు రావు. కాని పాత మహబూబ్‌నగర్ జిల్లాకు దక్షిణపు ఎల్లలో చాలా భాగం కృష్ణానదే! కొల్లాపురం నుంచి కొద్ది మైళ్లు పోతే సోమశిల వస్తుంది. 2016 నుంచి ఇది నాగర్‌కర్నూలు జిల్లాలో ఉంది. శ్రీశైలం ఆనకట్ట వెనక నిలిచిన నీరు ఇక్కడ సముద్రంలా పరుచుకుంటుంది. ఇవతల తెలంగాణ, అవతల రాయలసీమ, దిగువన నల్లమల కొండలు. నిండు కృష్ణ మీద బోటెక్కి విహరించడానికి పట్నాల నుంచి సంసారాలతో సహా వస్తారు.

అయితే ఈ నీటికి ఒక కాలముంది. ఎక్కడో సహ్యాద్రి మీద కురిసిన వాన ఆలమట్టి, నారాయణపూర్, జూరాల దాటి ఇక్కడికి చేరేసరికి సాధారణంగా జూలై, ఆగస్టు నెలలవుతాయి. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. చలికాలం గడిచాక నీరు మెల్లగా వెనక్కి పోతుంది. కనుక పడవవాడు ఏటి సంపాదనకు వేసవిలోనే సిద్ధం కావాలి.

ఒకప్పుడు నా తరగతిలో ప్రబంధాలు చదివిన కుర్రవాడొకడు, చేపలు పట్టే కుటుంబం వాడు, భార్య మెడలోని గొలుసు తాకట్టు పెట్టి ఒక పాత మరబోటు కొన్నాడు. “వచ్చి చూడుండ్రి సారూ” అని కబురు చేస్తే, వేసవి సెలవుల్లో వెళ్లాను.

బోటు ఒడ్డున బోర్లించి ఉంది. అతను సుత్తితో పలక పలకనూ తట్టి చూస్తున్నాడు. గట్టి పలక ఖంగుమంటుంది, పుచ్చినది బద్దగా పలుకుతుంది. మన ఇల్లాళ్లు సంతలో కుండను తట్టి కొనరూ? అలాగన్నమాట! మూడు పలకలు మార్చాడు. తుప్పు పట్టిన మేకులు పీకాడు. సందుల్లోని పాత నార తీసి, కొత్త నార కుక్కి, నూనెలో కాచిన గుగ్గిలం మెత్తాడు. అడుగున తారు పూశాడు.

ఇంజను మనం పొలాల్లో చూసే నీళ్లు తోడే డీజిలింజనే. టాంకీ అడుగున చేరిన నీరూ, మడ్డీ వంపేశాడు. ఫ్యాను తిప్పే ఇరుసు బోటు అడుగు నుంచి బయటికి పోయే చోట గ్రీజు తాడు చుట్టి బిగించాడు. మరీ బిగిస్తే ఇరుసు వేడెక్కుతుంది, వదులైతే నీరు జొరబడుతుంది.

సాయంత్రం నన్ను ఎండిన ఏటిలో నడిపించాడు. ఆనకట్ట కట్టినప్పుడు ఈ దరిని ఎన్నో ఊళ్లు మునిగాయి. సోమశిల, జటప్రోలు గుళ్లను ముంపు నుంచి తప్పించి ఎగువన తిరిగి కట్టారు. మిగిలిన గోడలూ, చెట్ల మోళ్లూ మాత్రం నీటికింద ఉన్నాయి. వేసవిలో కాళ్లతో చూసుకున్న నేలే వానాకాలంలో చుక్కాని పట్టేవాడికి దారి!

ఆగస్టులో మా ఆవిడతో మళ్లీ వెళ్లాను. బోటును నీటిలోకి దించారు. గంట తిరక్కుండానే లోపల చీలమండల లోతు నీళ్లు! మా ఆవిడ గుండెలు బాదుకుంది. అతను నవ్వాడు.

“కట్టె నీళ్లు తాగాలె అమ్మా! తాగినంకనే తేలుతది.”

ఎండకు ముడుచుకుపోయిన పలకలు నీట నానితే ఉబ్బి, సందులు మూసుకుంటాయట. అందాకా తోడిపోయడమే పని. ఆ రెండోరోజే పట్నం నుంచి ఒక బృందం వచ్చింది. మర్నాడు ఉదయమే బోటు కావాలి, రెండింతలు ఇస్తామన్నారు. తాకట్టు వడ్డీ నెత్తిమీద ఉంది. అతను భార్యవంక చూశాడు. ఆమె ఒక్క క్షణం ఆగి, చేతిలోని డబ్బాతో మళ్లీ నీళ్లు తోడసాగింది. “నాలుగు దినాలాగి రాండి” అన్నాడతను. వాళ్లు వేరే బోటు చూసుకున్నారు.

నాలుగోనాటికి తెల్లవారి తోడవలసింది ఒక్క డబ్బాడే. అయిదోనాడు మనుషుల బరువుకు సరిపడా ఇసుక బస్తాలు వేసి, నడి ఏటిదాకా తిప్పి తెచ్చాడు. అధికారులు చూసి అనుమతి ఇచ్చాకే మనుషుల్ని ఎక్కించాడు.

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర విహారపు బోటు మునిగి ఎన్ని ఇళ్లలో దీపాలారాయో మనకు తెలుసు. మీరు పిల్లలతో సోమశిల వెళితే, బోటు రంగు చూసి ముచ్చటపడకండి. ఎందరిని ఎక్కిస్తున్నారో లెక్కపెట్టండి. లైఫ్ జాకెట్ల కట్లు లాగి చూడండి. “ఇవాళ కాదు, రేపు రండి” అనే పడవవాడు కనిపిస్తే కోపగించుకోకండి. మర్నాడు వెతుక్కుంటూ వెళ్లి అతని బోటే ఎక్కండి!