పరదేశమున మన ముంగిస

మా యింటి పెరటిలో, గోడప్రక్క రాళ్లగుట్టలో ముంగిసల జంట యొకటి కాపురముండెడిది. మా నాయనమ్మ వానిని తరుమనిచ్చెడిది కాదు. "అవి యున్నచోటికి పాము రాదురా" యని, వెంటనే పసిబిడ్డను గాచిన ముంగిస కథ నెత్తుకొనెడిది. నోట రక్తముతో ఎదురువచ్చిన ఆ ముంగిసను తల్లి తొందరపడి చంపినదని వినినప్పుడెల్ల నాకు కన్నీరాగెడిది కాదు. ముంగిస వలన కీడు కలుగునని నేనెన్నడును తలపలేదు. జమైకా ద్వీపపు ఇగ్వానాను గూర్చి చదివిన దినమున ఆ నమ్మకము కదలినది.

ఇగ్వానా చూపునకు మన ఉడుమును బోలియుండును, పోలిక యంతమాత్రమే. ఉడుము మాంసాహారి, ఇది ముఖ్యముగా ఆకులు, పూలు, పండ్లు తిని బ్రతుకును. వీపు పొడవున ముండ్లవరుస, తోకతో గూడ మూడడుగులకు మించిన నిడివి. తిన్న పండ్ల గింజలను అడవిలో వెదజల్లును. ఈ జాతికి జమైకా దక్క మరియొక అడవి లేదు.

అచ్చటి చెరకుతోటలను ఎలుకలు పాడుచేయుచుండగా, 1872లో ఒక తోట యజమాని మన దేశమునుండి తొమ్మిది ముంగిసలను తెప్పించి విడిచెను. మొదట ఎలుకలు కొంత తగ్గినవి. కాని ఎలుక రాత్రి తిరుగును, ముంగిస పగలు వేటాడును. పగలు దానికి దొరకినవి నేలపై గూడుకట్టు పక్షులు, బల్లులు, ఇగ్వానా గ్రుడ్లు, పిల్లలు. సున్నపురాతి కొండలలో అక్కడక్కడ చిక్కిన మట్టిని త్రవ్వి ఇగ్వానా గ్రుడ్లు పెట్టి కప్పును. పిల్లలు వెలికి వచ్చుసరికి ముంగిస సిద్ధము. పాపము, ముంగిస లేని సీమలో తరతరములు పెరిగిన జాతికి తప్పించుకొను విద్య యెట్లు వచ్చును? బొగ్గులకై నరికిన అడవులు, ఊరకుక్కలు దీనికి తోడైనవి. 1940ల నాటికి అది అంతరించినదనియే పలువురు తలచిరి.

1990లో హెల్‌షైర్ కొండలలో ఒక అడవిపందుల వేటకాని కుక్క ఇగ్వానాను పట్టెను. వేటకాడు దానిని ప్రాణముతో కింగ్‌స్టన్ నగరపు హోప్ జంతుశాలకు చేర్చెను. పిమ్మట వెదకగా కొలదిపాటి ఇగ్వానాలు బ్రతికియున్నట్లు తేలినది. నాటినుండి అప్పుడే పుట్టిన పిల్లలను కొన్నింటిని జంతుశాలకు తెచ్చి, ముంగిసకు లొంగనంత పెద్దవగువరకు పెంచి, మరల కొండలలో విడుచుచున్నారు. గ్రుడ్లు పెట్టుచోట్ల బోనులు పన్ని ముంగిసలను పట్టుచున్నారు. వందలకొలది ఇగ్వానాలు ఇట్లు అడవి చేరినవి. ఈ కావలి యొక్క యేడు తప్పినను, ఆ యేటి పిల్లలలో మిగులునవి అరుదు.

మొన్న సెలవులలో ఊరికి పోయితిని. రాళ్లగుట్టనుండి ముంగిస యొకటి తలయెత్తి నన్ను చూచినది. దానిపై నాకు కోపము రాలేదు. దాని జాతి ఓడ నడిగి యెక్కలేదు గదా. అంతలో గోడపై ఎండ కాచుకొనుచున్న తొండ దానిని పసిగట్టి, చటుక్కున పగులులోనికి దూరినది.