మా ఇంటి ఉప్పు లెక్క

మా మావయ్యగారికి షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. ఆయన కోసం మూడేళ్ళ క్రితం బీపీ మిషన్ కొన్నాం. ఆదివారం పొద్దున్నే ఆయనకీ, తర్వాత మావారికీ చూసి పుస్తకంలో రాయడం నా పని. వేళకి మందులందించడం అత్తయ్య పని. ఆవిడ మాత్రం చెయ్యి ఇచ్చేవారు కాదు. "నాకేం అమ్మాయ్, దుక్కలా ఉన్నాను" అనేవారు. మన ఇళ్ళల్లో ఇది మామూలే కదా! అందరి మాత్రలూ తెలిసిన ఇల్లాలికి తన బీపీ ఎంతో తెలీదు.

కిందటేడు సంక్రాంతి ముందు అత్తయ్య చెల్లెలికి పక్షవాతం వచ్చింది. కాఫీ గ్లాసు చేతిలోంచి జారింది, మాట ముద్దగా వచ్చింది. నీరసమనుకుని పడుకోబెట్టారు. ఆసుపత్రికి వెళ్ళేసరికి సాయంత్రమైంది. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే, దాన్ని కరిగించే ఇంజెక్షన్ 4.5 గంటల్లోపే ఇవ్వాలట. ఆ సమయం దాటిపోయింది. ఆవిడకి బీపీ ఉన్న సంగతి కూడా అక్కడే తెలిసింది. ప్రాణం దక్కింది కానీ, ముగ్గు వేసే కుడిచెయ్యి ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు.

చెల్లెల్ని చూసి వచ్చిన మర్నాడు అత్తయ్య తనే వచ్చి కూర్చున్నారు. అయిదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, కాళ్ళు నేలకి ఆనించి, మాట్లాడనివ్వకుండా చూశాను. 168/98. కాసేపాగి చూస్తే 164/96. మరో మూడు రోజులు చూసినా అంతే. 140/90 దాటి పదేపదే వస్తే బీపీ ఉన్నట్టే. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు. చాలామందికి అలాగే ఉంటుందని డాక్టరుగారు చెప్పి ఈసీజీ, షుగర్, కొలెస్ట్రాల్, కిడ్నీ పరీక్షలు చేయించి మాత్ర రాశారు.

నెల తిరిగేసరికి 128/82. "తగ్గిందిగా, ఇంక ఆపేస్తాను" అన్నారు. "మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే తగ్గింది అత్తయ్యా, ఆపాలో వద్దో డాక్టరుగారు చెప్పాలి" అన్నాను. అది ఒప్పుకున్నారు. అసలు గొడవ ఉప్పు దగ్గర వచ్చింది.

మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చెంచాడు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మేం నలుగురం. నెలకు 600 గ్రాములు. మాకు కిలో ప్యాకెట్టు నెల వచ్చేది కాదు! ఆవకాయ, మాగాయ, అప్పడాలు, ఊరమిరపకాయల్లోది వేరే. ఈ లెక్క కాగితం మీద చూపిస్తే ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

ఆవకాయలో ఉప్పు తగ్గిస్తే బూజు పడుతుంది. అందుకని కొలత మార్చకుండా జాడీ చిన్నది చేశాం. పెరుగన్నంలో ఉప్పు మానేశాం. పప్పులో సగం తగ్గించి చివర్లో నిమ్మకాయ పిండుతున్నాం. అప్పడాలు ఆదివారానికే. మొదటి పదిహేను రోజులూ మావయ్యగారు "చప్పిడి కూడు" అని సణిగారు. ఇప్పుడు పెళ్ళి భోజనం ఆయనకే ఉప్పగా ఉంటోంది. సాయంత్రాలు ఇద్దరూ అరగంట నడిచి గుడికి వెళ్ళొస్తున్నారు.

మనం గుర్తుంచుకోవాల్సినవి మరికొన్ని ఉన్నాయి. కడుపుతో ఉన్నప్పుడు బీపీ గానీ షుగర్ గానీ వచ్చినవాళ్ళకి, కాన్పు తర్వాత తగ్గిపోయినా, ముందుముందు గుండెజబ్బు ముప్పు ఎక్కువ. వాళ్ళు ఏటా చూపించుకోవాలి. నెలసరి ఆగాక అందరికీ ముప్పు పెరుగుతుంది. ఆడవాళ్ళలో గుండెపోటు ఒక్కోసారి ఆయాసం, వికారం, దవడ నొప్పి, వీపు నొప్పి రూపంలో వస్తుంది. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకండి. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇంట్లో మిషన్ లేకపోయినా పర్వాలేదు. 30 ఏళ్ళు దాటినవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు.

ఈమధ్య మా ఇంటికి ఏ ఆడమనిషి వచ్చినా అత్తయ్య భోంచేశావా అని అడిగాక, బీపీ చూపించుకున్నావా అని కూడా అడుగుతున్నారు. మరి మీరు చూపించుకున్నారా?