తమలపాకు అంచు

మా అమ్మానాన్నల పెళ్లి ఫోటో ఒక్కటే ఉంది. నలుపు తెలుపుది, పోస్టుకార్డు కన్న కాస్త పెద్దది. ఎల్లారెడ్డి ఇంట్లో దేవుడి అర్ర పక్క గోడకు చాలా ఏళ్లు వేలాడింది. అందులో ఇద్దరూ పీటల మీద కూర్చుని ఉంటారు. అమ్మ భుజం మీద, ఫోటో చివరను ఆనుకుని, ఒక చెయ్యి కనిపిస్తుంది. మణికట్టు దాకానే, రెండు గాజులు. ఆ చెయ్యి మా అమ్మమ్మది. ఆవిడది వేరే ఫోటో ఏదీ లేదు.

2005లో దానిని స్కాన్ చేయించి, పెద్దదిగా, అందంగా చేసి ఇమ్మని కామారెడ్డిలో ఒక స్టూడియోలో ఇచ్చాను. (అప్పటికి రెండు ఊళ్లూ నిజామాబాదు జిల్లాలోనివే, కామారెడ్డి జిల్లా ఏర్పడినది 2016లో.) వారం తర్వాత వచ్చింది. హృదయాకారపు అంచు, చుట్టూ గులాబీలు, మూలన రెండు పావురాలు. నాకు నచ్చింది, నిజం ఒప్పుకోవాలి. అమ్మ దానిని వెలుతురుకు తిప్పి చూసి, "మా అవ్వ చెయ్యేదిరా?" అన్నది.

స్టూడియో అతనిని తప్పుపట్టలేను. నేను చెప్పలేదు. తెలియని కంటికి అది పొరపాటున ఫోటోలోకి దూరిన చెయ్యే.

ఆ రాత్రి ఫోటోషాప్ 7 తెరిచి కూర్చున్నాను. పని కష్టమైనదేమీ కాదు. లేయరును పొర అందాం. కింది పొరలో ఆకారం గీసి, పై పొరలో ఫోటో ఉంచి, కంట్రోల్, జి కలిపి నొక్కితే ఫోటో ఆ ఆకారం మేరకే కనిపిస్తుంది (తర్వాతి వెర్షన్లలో ఆల్ట్ కూడా కలపాలి). ఆకారపు పొరకు స్ట్రోక్ ఇస్తే చుట్టూ గీత, డ్రాప్ షాడో ఇస్తే నీడ. ఇందులో నాకు నచ్చిన సంగతి, ఏదీ తెగకపోవడం. బయటి భాగం మరుగున ఉంటుందంతే. ఫోటోను పట్టుకుని జరిపితే మళ్లీ కనబడుతుంది. జేపెగ్‌గా భద్రపరిచామా, పొరలన్నీ ఒకటైపోతాయి, మరుగున ఉన్నది నిజంగానే పోతుంది. స్టూడియో నుంచి నాకు అందినది జేపెగ్గే.

మొదట అండాకారం ప్రయత్నించాను. పాత స్టూడియోల మర్యాద అది. చీకటిగదిలో ఎన్‌లార్జరుకూ కాగితానికీ నడుమ, అండాకారపు రంధ్రం కత్తిరించిన అట్టను అడ్డుపెట్టి అంచులు మసకబార్చేవారు. చూపుకు హుందాగానే ఉంది కాని, చెయ్యి మళ్లీ పోయింది. కూర్చుని లెక్క వేశాను. దీర్ఘచతురస్రంలో నిండుగా పట్టిన అండాకారం దాని వైశాల్యంలో సుమారు 78.5 శాతమే ఆక్రమిస్తుంది. ఫోటో ఎంత పొడుగైనా, ఎంత వెడల్పైనా ఇంతే. మిగిలిన 21.5 శాతం నాలుగు మూలల్లో పోతుంది. పెళ్లి ఫోటోల మూలల్లో ఉండేది ఎవరు? వధూవరులు ఎన్నడూ కారు. పిల్లలు, వంటల దగ్గర నుంచి పిలిస్తే చేతులు తుడుచుకుంటూ వచ్చినవారు, అమ్మమ్మలు.

చివరికి అంచునే ఫోటోకు తగినట్లు గీయాలని తోచింది. కాన్వాస్ సైజు పెంచి చుట్టూ చోటు చేసుకుని, వెనకటి గోడకు దగ్గరగా ఉండే బూడిదరంగు నింపాను. పెన్ టూలుతో తమలపాకు గీశాను. తమలపాకూ హృదయాకారమే కదా, తొడిమ ఒక్కటే తేడా. కాస్త వాల్చి, వెడల్పు భాగాన్ని చెయ్యి వైపుకు తిప్పి, ఒక బిందువును పట్టి లాగితే అంచు ఉబ్బి గాజులను దాటింది. ఆకు వంకరపోయింది. ఏ తీగకు మాత్రం అన్ని ఆకులూ తీరుగా ఉంటాయని సరిపెట్టుకున్నాను. మణికట్టు తెగిన చోట ఫోటో చివర గీతలా కనబడుతుంటే, పొరకు మాస్క్ వేసి మెత్తని బ్రష్షుతో మసకబార్చాను. ఒక్క ఆ మూలకే రెండు రాత్రులు పట్టింది.

పావురాల ఫోటో ఇప్పటికీ కామారెడ్డిలో తమ్ముడి ఇంట్లో ఉంది. వచ్చిన చుట్టాలకు అదే నచ్చుతుంది.

నాది ఎల్లారెడ్డికి తీసుకువెళ్లి చూపాను. అమ్మ తమలపాకును పోల్చుకోలేదు, "రావాకా ఇది?" అన్నది. తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని, గాజుల మీద వేలు ఆన్చి చాలాసేపు చూసింది.

"మట్టిగాజులు. పచ్చయి" అన్నది.

రంగు వేసి తేనా అని అడిగాను.

"వద్దు తియ్యి."