వాషింగుమిషను మ్రోత



ఇంటిలో ఏ యంత్రము చెడినను దాని భారము మొదట గృహిణిపైననే పడును. వాషింగుమిషను ఆగిన దినమున దుప్పట్లు, పంచెలు, పిల్లల యూనిఫారములు మరల మన చేతులకే వచ్చును. అయినను, అది మ్రోగునపుడు “మిషనుల సంగతి మన కేమి తెలియును?” అని ఇతరుల మాటకు తలయూపు అలవాటు మనలో నింకను పోలేదు.

మా యింటి మిషను గడగడ మ్రోగుచుండగా ఒక మరమ్మతుదారు గుమ్మములోనే నిలిచి విని, బేరింగు పోయినదనియు, దానిని బాగుచేయించుటకంటె క్రొత్తది కొనుట మేలనియు చెప్పెను. మావారి బడిపంతులు జీతముతో నడచు సంసారమున నది చిన్న మాట కాదు. మేము వారము దినములు గడువడిగితిమి.

తర్కము పురుషుల సొత్తని యందురు గాని, పొగను జూచి నిప్పు నూహించుటకు తార్కికులు దృష్టాంతముగా గైకొన్నది మన వంటయిల్లే. కారణమున్నచో కార్యముండుట అన్వయము. లేనిచో లేకుండుట వ్యతిరేకము. మిషనును పరీక్షించుటకు ఈ రెండును చాలును.

మ్రోత ఏ దశలో వచ్చుచున్నదో ముందు గమనింపవలయును. బట్టలు పిండునపుడు డ్రమ్ము నిమిషమునకు కొన్ని వందల చుట్లు, కొన్ని మిషనులలో 1000కి పైగా తిరుగును. అప్పుడే దడదడ కొట్టుకొన్నచో ఒకమారు ఖాళీగా త్రిప్పి చూడుడు. చప్పుడు మానినచో దోషము మిషనుది కాదు. బరువైన దుప్పటి యొకటి తడిసి ఒకప్రక్కకు చేరినది. దానికి తోడు రెండు తువ్వాళ్లు వేసిన బరువు సర్దుకొనును. ఖాళీగానున్నను అదరినచో నాలుగు మూలలను నొక్కి చూచి, ఊగుచున్న మూలనున్న కాలిని నేలకానునట్లు త్రిప్పి బిగింపవలెను. క్రొత్తగా కొన్న ముందుతలుపు మిషనైనచో, రవాణాకై వెనుక బిగించిన బోల్టులను తీసిరో లేదో చూడవలెను.

నీరు బయటికి పోవునపుడు మాత్రమే గరగరమన్నచో పంపులో ఏదో చిక్కినదని యూహింపవచ్చును. మా మిషను మ్రోత ఈ దశలోనిదే. ప్లగ్గు తీసి, ముందువైపు క్రిందిమూలనున్న చిన్నమూత తెరచి, పళ్లెము పెట్టి, ఫిల్టరును మెల్లగా విప్పితిమి. ఒక రూపాయి నాణెమును, రెండు పిన్నీసులును దొరికినవి. అవి యున్నంతకాలము మ్రోత, తీయగానే నిశ్శబ్దము.

ఇవన్నియు సరిగానుండియు, ప్లగ్గు తీసి ఖాళీ డ్రమ్మును చేతితో త్రిప్పినపుడు తిరుగలివలె గరగర రాపిడి వినవచ్చినచో అప్పుడు బేరింగు ననుమానింపవలెను. అది మన చేతిపని కాదు. జాగుచేయక పనివానిని పిలువవలెను. మిషనును తాకిన జివ్వుమన్నను, కాలిన వాసన వచ్చినను పరీక్షలన్నియు మాని మెయిను స్విచ్చి ఆపవలెను.

పిలిచినపుడు మాత్రము “చప్పుడగుచున్నది” అని యూరకుండక, ఏ దశలో, ఎట్టి శబ్దము, తాము చూచిన దేమి అనునవి వివరముగా చెప్పుడు. అట్లు చెప్పగల ఇల్లాలికి, లేని రోగమునకు మందు అమ్మజూచు సాహసము ఎవరికిని కలుగదు.