మూత పెట్టిన గిన్నె



ఈ వారం వాక్యంతో పాటు వంట సంగతి కూడా రాస్తున్నాము. పాస్టరు గారికి పొయ్యి గొడవ ఎందుకని నవ్వుకోకండి. ప్రార్థన అవసరతలు చెప్పమన్నప్పుడు మన సంఘంలో ఎక్కువగా వినబడే మాట అప్పు. అప్పు తీరాలని ప్రార్థించడం మంచిదే. అది ఇంట్లోకి వచ్చే దారులు కూడా చూసుకోవాలి కదా. ఆ దారుల్లో ఒకటి వంటింటి గుండానే ఉంది.

2 రాజులు 4వ అధ్యాయంలో ఒక విధవరాలు కనబడుతుంది. ఆమె భర్త ప్రవక్తల శిష్యులలో ఒకడు, దైవభక్తి గలవాడు. అయినా చనిపోయేనాటికి అప్పు మిగిలింది. అప్పిచ్చినవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఎలీషా ఆమెను అడిగింది నీ ఇంట్లో ఏమున్నదని. ఉన్నది కాస్త నూనె. లేనిదానితో కాదు, ఆ ఉన్నదానితోనే దేవుడు కార్యం మొదలుపెట్టాడు. ఇంకొక సంగతి కూడా గమనించండి. ఆమె ఇరుగుపొరుగు ఇళ్లకు వెళ్లి ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకుంది. తన లేమి పదిమందికీ తెలుస్తుందని సిగ్గుపడి ఉంటే ఆ పాత్రలు దొరికేవా?

మరి మన ఇళ్లలో ఏమున్నది? మొదట స్టోరు బియ్యం. 2013 ఆహార భద్రతా చట్టం కింద కార్డులో ఉన్న మనిషికి నెలకు 5 కిలోలు. 2023 జనవరి నుంచి అవి ఉచితం. నలుగురున్న ఇంటికి 20 కిలోలు. వాటిని కారుచౌకగా అమ్మేసి, ఎన్నో రెట్లు ధర పెట్టి సన్నబియ్యం కొనే ఇళ్లు మన మధ్య ఉన్నాయి. అలా అమ్మడం చట్టం ఒప్పదు, మన జేబూ ఒప్పదు. అన్నం ముద్దవుతుందంటారు. అయితే అట్లకు వాడండి. మూడు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు మినప్పప్పు, చెంచా మెంతులు వేసి నానబెట్టి, రుబ్బి, రాత్రంతా పులియనిస్తే అట్లు చక్కగా వస్తాయి. రాత్రి వండిన అన్నం మిగిలితే మునిగేదాకా నీళ్లు పోసి, గరిటెడు మజ్జిగ కలిపి మూత పెట్టండి. పొద్దున్నే ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో తింటే ఎండలో పనికి వెళ్లేవారికి కడుపు చల్లగా ఉంటుంది. మధ్యాహ్నం నుంచి వేడికి ఉన్న అన్నం మాత్రం ఇందుకు వద్దు.

ఒకసారి కుటుంబ ప్రార్థనకని ఒక సహోదరి ఇంటికి వెళ్లాము. గుమ్మంలోనే ఉలవల వాసన కమ్మగా తగిలింది. మమ్మల్ని చూడగానే ఆమె గబుక్కున గిన్నె మీద మూత పెట్టి, పిల్లవాడి చెవిలో ఏదో చెప్పి పంపింది. వాడు బిస్కెట్లు, కూల్‌డ్రింకు తెచ్చి, “ఖాతాలో రాశారమ్మా” అన్నాడు. ఆ తల్లి ముఖం చిన్నబోయింది. “అమ్మా, ఆ ఉలవచారు మాకు కొంచెం పెట్టు” అని అడిగాము. “అయ్యగారూ, అది మీకెలా పెడతాను?” అంది. ఒకప్పుడు ఎద్దులకు ఉలవలు ఉడికించిన నీళ్లతో కాచుకున్న చారే అది. ఇప్పుడు పట్నం హోటళ్లలో డబ్బిచ్చి తింటున్నారు. ఆ రోజు ఆమె ఇంట్లో మేము వేడి అన్నంలో కలుపుకుని తృప్తిగా భోంచేశాము.

ఆమె చెప్పిన పద్ధతి ఇది. పావుకిలో ఉలవలు రాత్రి నానబెట్టాలి. పొద్దున రెండు లీటర్ల నీళ్లు పోసి మెత్తగా ఉడికించి వడకట్టాలి. ఆ నీళ్లలో చింతపండు పులుసు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉప్పు, కారం వేసి, సన్నని మంట మీద చిక్కబడేదాకా మరిగించి, వెల్లుల్లి, ఎండుమిర్చి, కరివేపాకుతో తాలింపు పెట్టాలి. వడకట్టిన ఉలవలు పారేయనక్కరలేదు. తాలింపు వేస్తే సాయంత్రం పిల్లలకు గుగ్గిళ్లు.

మా ఇల్లు కూడా మీరిచ్చే కానుకల మీద నడిచే ఇల్లే. బీరకాయలు తెస్తే కాయ కూరకు, చెక్కు పచ్చడికి. కడిగిన చెక్కును చెంచా నూనెలో పచ్చిమిరపకాయలతో వేయించి, చింతపండు, వెల్లుల్లి, జీలకర్ర, ఉప్పు కలిపి రోట్లో నూరితే ఆ పూటకు ఇంకేమీ అక్కరలేదు. దొడ్లో మునగచెట్టు ఉంటే ఆకు పప్పులో వేసుకోండి. డబ్బు పెట్టి కొనే పని లేదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఇద్దరు పిల్లలకు రోజూ పది రూపాయల చిరుతిండి ప్యాకెట్లు రెండు కొంటే నెలకు 600 రూపాయలు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 20,000 అప్పుకు నెల వడ్డీ కూడా 600. వారంలో సగం రోజులు ప్యాకెట్ల బదులు గుగ్గిళ్లో, ఉడికించిన వేరుశనగలో పెట్టినా వడ్డీ డబ్బులో కొంత చేతికొస్తుంది. అయితే మిగిలిన డబ్బులు ఆ రోజే డబ్బాలో వేయాలి. లేకపోతే వేరే దారిన పోతాయి. ఆ విధవరాలి నూనె డబ్బు కూడా ముందు అప్పుకే వెళ్లింది. మిగిలినదే తల్లీబిడ్డల జీవనానికి.

ఒక హెచ్చరిక. పిల్లల గుడ్డు, పాలు, పప్పు తగ్గించి మిగిల్చినది పొదుపు కాదు. అందరికీ వడ్డించి, చివర అడుగంటిన చారుతో సరిపెట్టుకునే తల్లి ఆకలి కూడా పొదుపు కాదు. సహోదరులారా, మీ ఇంటి ఆడవారు ఏమి తిన్నారో ఈ రాత్రి అడగండి.

రెండు మనవులు చేస్తున్నాము. శుక్రవారం ఉపవాస ప్రార్థన ముగిశాక, ఒక్కొక్కరు తక్కువ ఖర్చుతో రుచిగా వండే ఒక వంట చెప్పండి. ఆమెకు పొరుగువారు పాత్రలు ఇచ్చినట్టు, మనం ఒకరికొకరం ఈ మాత్రం సాయం చేసుకోలేమా? రెండవది, ఇకమీదట మేము ప్రార్థనకు వచ్చినప్పుడు పిల్లలను దుకాణానికి పంపవద్దు. పొయ్యి మీద ఏముంటే అదే పెట్టండి. గంజి అయితే గంజి. గిన్నె మీద మూత మాత్రం పెట్టకండి.

మీ పొయ్యిని, మీ కష్టార్జితాన్ని ప్రభువు దీవించును గాక. ఆమేన్.