కారు అడుగున ఉప్పు

సెప్టెంబర్ 14, 2025
నెల్లూరులో మెకానిక్ భాయ్ షెడ్డుకు పోయాను. కారును ర్యాంపు ఎక్కించి అడుగున లైటు వేశాడు. పోయిన సర్వీసు తర్వాత బండి తిరిగింది తక్కువే, పదివేల కిలోమీటర్లకు ఇంకా చాలా ఉంది. అయినా సైలెన్సర్ వెనక ముక్కను స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పెచ్చులు పెచ్చులుగా రాలింది. వెనక చక్రం దగ్గర బ్రేకు పైపు మీద తుప్పు బుడిపెలు కట్టింది. "కిలోమీటర్లు చూస్తే ఎట్టా నా? ఈ బండి సముద్రం పక్కన ఎన్నేళ్ళు ఉండిందో చూడాల" అన్నాడు. సముద్రానికి దూరంగా ఉన్న ఆత్మకూరు వైపు నుంచి వచ్చే బండేదో, తీరాన ఉన్న మైపాడు వైపు నుంచి వచ్చేదేదో ఆయనకు నంబరు ప్లేటు చూడకుండానే తెలుస్తుంది. మొదటిదాని బోల్టు తిరుగుతుంది. రెండోదాని బోల్టు విరుగుతుంది.

సెప్టెంబర్ 15
కారుతో ఇచ్చిన పుస్తకం తీసి చదివాను. మామూలు సర్వీసు పట్టిక తర్వాత కఠిన పరిస్థితులకని ఇంకో పట్టిక ఉంది. దుమ్ము, పొట్టి ప్రయాణాలు, ఉప్పు తగిలే చోట్లు అన్నీ అందులో రాశారు. గడువులు సగానికి సగం తగ్గాయి. మంచు కురిసే దేశాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. చలికాలం అయ్యాక అక్కడి వాళ్ళు బండి అడుగు కడిగించుకుంటారు. మనకు ఉప్పు గాలిలోనే వస్తుంది, ఏడాది పొడుగునా వస్తుంది. తీరం వెంబడి ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు మండలాల్లో ఉన్నవాళ్ళందరికీ వర్తించేది ఆ రెండో పట్టికే. అమ్మేటప్పుడే ఆ మాట చెప్పాలి.

సెప్టెంబర్ 18
తీరం పల్లెల్లో బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పన. తాగడానికి క్యాన్లు కొంటాం, కారు మాత్రం ఆ బోరు నీళ్ళతోనే కడుగుతాం. నీళ్ళు ఆరిపోతాయి, ఉప్పు అతుకుల్లో, తలుపుల కింది గాడుల్లో ఉండిపోతుంది. రాత్రి తేమ తగలగానే మళ్ళీ చెమ్మగిల్లి ఇనుమును తింటుంది. అద్దంలా మెరిసే కారుకు కూడా తలుపు అడుగు ఊడిపోయేది ఇందుకే. రేడియేటర్‌లో ఆ నీళ్ళు పోసేవాళ్ళూ ఉన్నారు. లోపల పొలుసు కట్టి ఇంజిన్ వేడెక్కితే హెడ్డు దించాల్సిందే. ఒక్కరోజు ఖర్చు మిగిలిందనుకుంటే నెల సంపాదన పోతుంది. ఇకనుంచి నెలకోసారి నెల్లూరులో మంచినీళ్ళు ఉన్నచోట అడుగు భాగానికి వాటర్ సర్వీసింగ్. పైభాగం దుమ్ము పట్టినా ఆగొచ్చు.

సెప్టెంబర్ 23
నిన్నటి నుంచి స్పేర్ పార్టుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. టైర్లకు, బ్యాటరీలకు కూడా అంతే. పన్ను కాక నాలుగు వేల రూపాయల పార్టులు వేయిస్తే నాలుగు వందలు మిగులుతాయి. ఇంజిన్ ఆయిల్‌కు, లేబర్‌కు ముందు నుంచీ 18 శాతమే కాబట్టి అక్కడ మార్పు లేదు. ఆ నాలుగు వందలు పాలిష్‌కు పోకూడదని భాయ్‌కి చెప్పి, బ్రేకు పైపు ఆర్డరు పెట్టించాను.

అక్టోబర్ 1
ఆయుధ పూజ. షెడ్డులో జాకీలు, స్పానర్లు కడిగి కుంకుమ బొట్లు పెట్టారు. పని లేదు, వడపప్పు పెట్టారు.

అక్టోబర్ 9
బావ కారు డిక్కీ తెరిస్తే ఘాటు కొట్టింది. రొయ్యల గుంటకు బ్లీచింగ్ పౌడర్ బస్తాలు అందులోనే వేసుకుపోతున్నాడు. వనామి రొయ్య వేసే చాలామంది రైతులకు గుంట తయారీలో అది కావాలి. తేమ తగిలితే అందులోంచి క్లోరిన్ వస్తుంది. స్టెప్నీ గుంతలో ఇనుము అప్పుడే గోధుమరంగు పొడిగా మారింది. వైరింగ్ కనెక్టర్లు పచ్చబడ్డాయి. "ఆటో పిలిస్తే బాడుగ ఇయ్యాల గదా" అన్నాడు బావ. ఆ బాడుగ ఎంతో, టింకరింగ్ ఎంతో కాగితం మీద వేసి చూపించాను. ఒప్పుకోలేదు గానీ కాగితం జేబులో పెట్టుకున్నాడు.

అక్టోబర్ 29
రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. 2021 నవంబర్‌లో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర హైవే తెగినప్పుడు నీళ్ళలో నిలిచిన బండ్లు గుర్తొచ్చి పాలసీ కాగితాలు తీశాను. వెయ్యి నుంచి పదిహేను వందల సీసీ కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 రూపాయలు, పన్ను అదనం. అది ఎదుటివాళ్ళ నష్టానికే, మన కారు మునిగితే పైసా రాదు. మునిగిన బండికి తాళం తిప్పితే సిలిండర్లోకి నీళ్ళు పోయి కనెక్టింగ్ రాడ్ వంగొచ్చు. ఫుల్ పాలసీ ఉన్నా, ఇంజిన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకోకపోతే సాధారణంగా ఆ నష్టం ఇవ్వరు. నీళ్ళు దిగాక కూడా స్టార్ట్ చేయకుండా తోయించుకుని షెడ్డుకు చేర్చాలి. ఇంట్లో అందరికీ ఈ మాట చెప్పాను.

నవంబర్ 6
ముత్తుకూరు రోడ్డు. కృష్ణపట్నం పోర్టు లారీలు, బూడిద, బొగ్గు పొడి. ఎయిర్ ఫిల్టర్ తీస్తే నల్లగా ఉంది. ఇది చవక వస్తువే, వెంటనే మార్చేశాం.

నవంబర్ 16
షెడ్డులో పోర్టుకు ట్రిప్పులు తిప్పే టాక్సీ డ్రైవరు కలిశాడు. బ్రేకు పైపులు చెమ్మగిల్లాయని భాయ్ చెప్పాడట. ఈ నెల ఫైనాన్స్ కంతు కట్టాక చూద్దాం అంటున్నాడు. ఏసీ మాత్రం పోయినవారమే బాగుచేయించాడు, చల్లగా లేకపోతే గిరాకీ ఎక్కదు. ఆయన్ను తప్పుపట్టలేను. కానీ సన్నటి ఉక్కు పైపు బయటి నుంచి తుప్పు తింటూ పలచబడి, గట్టిగా పెడల్ తొక్కిన రోజే పగులుతుంది. పైపులో ఆయిల్ కూడా గాలిలోని తేమ పీల్చుకుంటుంది, రెండేళ్ళకు మార్చాలి. వేడికి ఆ తేమ ఆవిరైతే పెడల్ మెత్తబడిపోతుంది. తీరంలో వాయిదా వేయకూడని ఖర్చు ఏదైనా ఉందంటే ఇదే. ఏసీ లేని కారులో చెమట పడుతుంది, అంతే.

భాయ్ ఆయనకు పైపు డబ్బులు మాత్రం తీసుకుని లేబర్ తర్వాత ఇవ్వమన్నాడు. లేబర్ అంటే తుప్పు కళ్ళల్లో రాలుతుండగా ర్యాంపు కింద మెడ వెనక్కి వంచి చేసే పని. బేరంలో మనం మొదట తగ్గించమనేది దాన్నే. నేను నా బిల్లు బేరం లేకుండా కట్టాను. వచ్చే నెల హ్యాండ్‌బ్రేక్ కేబుల్, అడుగున కోటింగ్. కోటింగ్‌కు ముందు పాత తుప్పు గీకాలట, లేకపోతే దాని కింద ఇంకా వేగంగా తింటుందట. బండి ఒక పూట షెడ్డులో వదలాలి.